పోయిన బేస్‌ను పట్టుకోవడానికి ఒక పెన్సిల్ సెల్

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా ఉత్తరానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి కోంటా దగ్గర ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెడుతుంది. సుక్మా, దర్భా ఘాట్ దాటి జగదల్‌పూర్ చేరుతుంది. ఈ దారిలో తిరిగే జీపులు, పికప్ వ్యాన్లు సంత రోజున అడవి పల్లెల మనుషులను మోస్తాయి. మిరప కోతల కాలంలో ఖమ్మం, భద్రాద్రి జిల్లాల చేలకు వచ్చే బస్తర్ కూలీలనూ మోస్తాయి. గంటల కొద్దీ సాగే ప్రయాణంలో డ్రైవరుకు తోడు స్టీరియోనే. కోంటా వైపు తెలుగు పాట, సుక్మా దాటాక గోండీ, జగదల్‌పూర్ దగ్గర పడేసరికి హల్బీ.

నిన్నటిదాకా బాగా మోగిన అలాంటి స్టీరియోలో ఒకరోజు పస తగ్గుతుంది. గొంతు వినిపిస్తుంది, వేణువు వినిపిస్తుంది, తాళాలు గలగలమంటాయి. డోలు దెబ్బ మాత్రం రేకు డబ్బా మీద వేలితో కొట్టినట్టు టకటకమంటుంది. వాల్యూమ్ పెంచితే చెవిలో గుచ్చుకుంటుందే తప్ప గుండెకు తగలదు. బస్తర్ వాళ్లకు ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. మురియాల మాందరి మోతలో, అడవిదున్న కొమ్ములు తలకు ధరించి మారియాలు మెడలో వేలాడేసుకుని వాయించే పెద్ద డోళ్ల మోతలో, 75 రోజులు సాగే బస్తర్ దసరాలో నగారాల మోతలో పెరిగిన చెవులవి.

ఇలా బేస్ పోయినప్పుడు దొరికే మొదటి సలహా దాదాపు ఎక్కడైనా ఒకటే: శక్తి చాలడం లేదు, పెద్ద యాంప్లిఫయర్ పెట్టించు, డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ వేయించు. మోటారు నీళ్లు తక్కువ పోస్తుంటే ఎక్కువ హార్స్‌పవర్ మోటారు కొన్నట్టుగా, శబ్దం తగ్గితే శక్తి పెంచాలన్న ఊహ ఈ సలహా వెనక ఉంది. బేస్ విషయంలో ఈ ఊహ చాలాసార్లు తప్పుతుంది. కారులో బేస్ మాయం కావడానికి అతి మామూలు కారణాల్లో ఒకటి, స్పీకర్లు తయారుచేసిన బేస్‌ను అవే రద్దు చేసుకోవడం. పైగా ఆ తప్పు సరిచేయడానికి కావలసింది ఒక పెన్సిల్ సెల్, రెండు వైరు ముక్కలు, అరగంట ఓపిక.

స్పీకర్‌కు రెండు కొనలుంటాయి, ప్లస్, మైనస్. ప్లస్‌కు ధన విద్యుత్తు అందినప్పుడు కోన్ ముందుకు కదిలి గాలిని నెడుతుంది. దిశ మారితే వెనక్కి పోయి గాలిని లాగుతుంది. డోలు దెబ్బ పడిన క్షణంలో కుడి తలుపులోని స్పీకర్, ఎడమ తలుపులోని స్పీకర్ రెండూ కలిసి నెట్టాలి, కలిసి లాగాలి. వాటిలో ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయనుకుందాం. ఒకటి నెట్టేటప్పుడు రెండోది లాగుతుంది. కుడి వైపు పెరిగిన గాలి ఒత్తిడిని ఎడమ వైపు తగ్గిన ఒత్తిడి మింగేస్తుంది. స్పీకర్లు రెండూ కష్టపడి పనిచేస్తూనే ఉంటాయి, చేతితో తాకితే కోన్లు అదురుతూనే ఉంటాయి. సీటులో కూర్చున్న మనిషికి మాత్రం బేస్ అందదు.

మరి పాటంతా ఎందుకు పోదు? బేస్ ఒక్కటే ఎందుకు పోతుంది? జవాబు తరంగదైర్ఘ్యంలో ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ శబ్దం ఒక్కో అల పొడవు దాదాపు 7 మీటర్లు, అంటే జీపు కంటే పొడవు. 5,000 హెర్ట్జ్ శబ్దం అల పొడవు 7 సెంటీమీటర్లే. డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు కనుక కుడి స్పీకర్ అతనికి దగ్గర, ఎడమది దూరం. ఈ దూరాల తేడా అర మీటరు, మరికాస్త ఉంటుంది. 7 మీటర్ల అలకు అది పదో వంతు కూడా కాదు. కాబట్టి ఒక స్పీకర్ నెట్టు, రెండోదాని లాగుడు దాదాపు ఒకేసారి చెవికి చేరి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. చిన్న అలల సంగతి వేరు. అదే దూరంలో అవి ఏడెనిమిది సార్లు లేచి పడతాయి. అందుకే ఒక స్వరం తగ్గితే పక్క స్వరం పెరుగుతుంది, తల కాస్త పక్కకు తిప్పితే లెక్కంతా మారిపోతుంది. మొత్తం మీద హెచ్చు స్వరాల్లో లోటు తెలియదు.

దీనికి రికార్డింగ్ పద్ధతి కూడా తోడవుతుంది. బేస్ గిటార్‌నూ పెద్ద డ్రమ్మునూ సాధారణంగా మధ్యలో ఉంచుతారు, అంటే కుడి ఎడమలకు సమానంగా పంపుతారు. గ్రామఫోను రికార్డుల కాలంలో ఇది తప్పనిసరి, లేకపోతే ముల్లు గాడిలోంచి ఎగిరేది. ఆ అలవాటు ఇప్పటికీ నిలిచింది. రెండు వైపులా ఒకే సంకేతం వెళ్తుంది కాబట్టి, వైర్లు తారుమారైతే రద్దు కావడానికి బేస్ అన్నివిధాలా సిద్ధంగా ఉంటుంది.

వైర్లు ఎందుకు తారుమారవుతాయంటే, తలుపు విప్పిన ప్రతిసారీ అందుకు అవకాశముంది. కిటికీ అద్దం మారుస్తారు, లాక్ బాగుచేస్తారు, గీతలు పడితే డెంటింగ్ చేయిస్తారు. పాత స్టీరియో తీసి కొత్తది పెట్టేటప్పుడు ప్లగ్గు సరిపోక వైర్లు కోసి టేపుతో చుడతారు. బయట కొనే స్టీరియోల్లో ముందు ఎడమకు తెలుపు, ముందు కుడికి బూడిద, వెనక ఎడమకు ఆకుపచ్చ, వెనక కుడికి ఊదా రంగు వైర్లు వాడడం ఆనవాయితీ. నల్ల గీత ఉన్నది మైనస్. వాహనం తయారీదారు వేసిన వైర్ల రంగులు మాత్రం వేరే ఉంటాయి. ఎనిమిది వైర్లు, ఇరుకు చోటు, మసక వెలుగు. ఒక జత తిరగబడినా స్టీరియో ఏమీ అనదు. ఫ్యూజు పోదు, పొగ రాదు, ప్రతి స్పీకరూ మోగుతుంది. పని బాగా అయిందని అందరూ అనుకుంటారు.

దీన్ని పట్టుకునే మొదటి పరీక్షకు విప్పాల్సింది ఏమీ లేదు. బేస్ ఎక్కువున్న పాట పెట్టి, బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాలి. ఒక వైపు స్పీకర్లు ఆగిపోతాయి కనుక మామూలుగా అయితే శబ్దం తగ్గాలి. అలా కాకుండా బేస్ పెరిగితే దొంగ దొరికినట్టే. సగం స్పీకర్లు ఆపితే ఎక్కువ బేస్ రావడానికి రద్దు తప్ప వేరే వివరణ వెతకడం కష్టం. నాలుగు స్పీకర్లున్న బండిలో ముందు వెనకలకు కూడా ఇదే పద్ధతి. వార్తలు చదివే గొంతు కూడా ఈ విషయం చెబుతుంది. వైర్లు సరిగా ఉంటే గొంతు డ్యాష్‌బోర్డు నడుమ నుంచి వస్తున్నట్టు ఉంటుంది. తిరగబడితే ఎక్కడి నుంచి వస్తోందో పోల్చలేనట్టు తల చుట్టూ తేలుతుంది.

రెండో పరీక్ష పెన్సిల్ సెల్‌తో. స్పీకర్ వైర్లను స్టీరియో నుంచి విడదీసి, 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించాలి. కోన్ ముందుకు ఉబికితే గుర్తు సరైనదే, లోపలికి పోతే తారుమారైనట్టు. స్టీరియోకో యాంప్లిఫయర్‌కో తగిలించి ఉండగా ఈ పని చేయకూడదు, సెల్‌ను అలాగే పట్టుకుని ఉంచకూడదు. చిన్న ట్వీటర్లకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇప్పుడు పెద్ద యాంప్లిఫయర్ సలహాను మళ్లీ చూడాలి. శక్తిని రెట్టింపు చేస్తే శబ్ద తీవ్రత పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల శక్తి. వైర్లు తిరగబడిన బండిలో కొత్త యాంప్లిఫయర్ నెట్టునూ పెంచుతుంది, లాగుడునూ పెంచుతుంది. రెండూ సమానంగా పెరిగి మునుపటిలాగే కొట్టుకుపోతాయి. మిగిలేది వేడి. 12 వోల్టుల బండిలో 500 వాట్లు అంటే, నష్టాలేవీ లెక్కేయకపోయినా, 40 ఆంపియర్లకు పైగా విద్యుత్తు. పాత సన్న వైరు మీదుగా అంత పంపితే, బ్యాటరీ దగ్గర సరైన ఫ్యూజు లేకపోతే, వైరు తొడుగు కరిగి నిప్పు అంటుకోవచ్చు. సమస్య తీరకపోగా ప్రమాదం కొని తెచ్చుకున్నట్టవుతుంది.

చెవి సంగతి ఇంకా ముఖ్యం. తక్కువ స్థాయిలో విన్నప్పుడు 50 హెర్ట్జ్ శబ్దం 1,000 హెర్ట్జ్ శబ్దమంత గట్టిగా అనిపించాలంటే 30 డెసిబెల్స్‌కు పైగా ఎక్కువ ఉండాలి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ ఈ తేడాలను కొలిచి గీతలు గీశారు. బేస్ లేదని డ్రైవరు వాల్యూమ్ పెంచితే రద్దయిన బేస్ తిరిగి రాదు. పెరిగేది చెవి అత్యంత సున్నితంగా వినే 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దం. వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెల్స్ దాటకూడదని, 90 అయితే 4 గంటలే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజంతా స్టీరింగు పట్టుకునే మనిషికి 4 గంటలు ఒక్క రోజులో, కొన్నిసార్లు ఒక్క ట్రిప్పులో అయిపోతాయి. తిరగబడిన ఒక వైరు జత ఏళ్ల తరబడి అతని వినికిడిని అరగదీయగలదు.

అయినా నెలల తరబడి ఈ లోపం ఎవరికీ ఎందుకు పట్టదు? ఇందుకు బస్తర్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. పత్రికలు చేరని పల్లెల గోండీ మాటలను మొబైల్ ఫోన్ ద్వారా రికార్డు చేసి వినిపించే సీజీనెట్ స్వర సేవ 2010లో మొదలైంది. మామూలు ఫోన్ లైను 300 హెర్ట్జ్ కంటే తక్కువ స్వరాలను దాదాపుగా పంపదు. మగవాడి గొంతు మూల స్వరం 100 హెర్ట్జ్ పైచిలుకు మాత్రమే. అంటే ఫోన్‌లో ఆ మూల స్వరం ఉండదు. అయినా వింటున్నది మగ గొంతేనని ఎవరికైనా తెలుస్తుంది. 300, 400, 500 హెర్ట్జ్ లాంటి పై స్వరాల వరసను చూసి, వాటికి మూలం 100 అయి ఉంటుందని మెదడు తనంతట తాను పూరించుకుంటుంది. 1841లోనే జర్మనీకి చెందిన ఆగస్ట్ సీబెక్ సైరన్‌తో ప్రయోగాలు చేసి ఈ వింతను గమనించాడు. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్లలో బేస్ ఉన్నట్టు అనిపించడం వెనక కూడా కొంత ఈ మాయే ఉంది. కాబట్టి పాటలో రాగం చెదరదు, వరస తెలుస్తుంది, లోటు మాత్రం నిదానంగా అలవాటైపోతుంది. పక్క బండి ఎక్కినప్పుడే తేడా తెలుస్తుంది.

వైర్లు సరిగా ఉన్నా బేస్ పోయే దారి ఇంకొకటి ఉంది. ఇదీ రద్దే. కోన్ ముందు వైపు గాలిని నెట్టేటప్పుడు వెనక వైపు గాలిని లాగుతుంది. ముందు అల, వెనక అల కలిస్తే పరస్పరం కొట్టుకుపోతాయి. బల్ల మీద విడిగా పెట్టిన స్పీకర్ కీచుమనడానికి కారణమిదే. ఈనాటి స్పీకర్లకు మూలమైన నమూనాను 1925లో వివరించిన రైస్, కెల్లాగ్‌లు కూడా ముందు వెనకలను వేరుచేసే పలక ఎంత అవసరమో అప్పుడే చూపించారు. కారులో ఆ పలక పని చేసేది తలుపే. తలుపు లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలుంటాయి, వాటి మీద ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. అద్దం బాగుచేసేటప్పుడు దాన్ని చింపి, తిరిగి అంటించకుండా పైపలక బిగించేస్తే రెండు నష్టాలు. కంతల్లోంచి వెనక అల లోపలికి వచ్చి బేస్‌ను తినేస్తుంది. బస్తర్ వానల్లో అద్దం సందు నుంచి దిగిన నీటికి పైపలకా, లోపలి భాగాలూ తడుస్తాయి. కాగితం కోన్ నానితే బరువెక్కి మెత్తబడుతుంది. దాని చుట్టూ ఉండే ఫోమ్ అంచు తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. స్వరం సగానికి దిగినప్పుడల్లా అదే తీవ్రతకు కోన్ నాలుగింతలు ఎక్కువ కదలాలి. చిరిగిన అంచుతో అంత కదలిక రాదు. అక్కడ మాత్రం కొత్త స్పీకరే దిక్కు.

దంతెవాడ వైపు ధూళి మీద కూడా ఒక మాట. బైలడిలా కొండల ఇనుప ఖనిజం ఆరు దశాబ్దాలుగా కిరందుల్ నుంచి విశాఖపట్నానికి రైళ్లలో దిగుతోంది. లారీల ఎర్ర దుమ్ము బండ్ల నిండా ఉంటుంది. ఇనుము గనుక అయస్కాంతం లాగేసి స్పీకర్ చెడిపోతుందని అనుకోవడం సహజం. ఆ ఖనిజం ప్రధానంగా హెమటైట్. అయస్కాంతానికి అది చాలా బలహీనంగా మాత్రమే స్పందిస్తుంది. స్పీకర్‌ను నిజంగా పాడుచేసేది ఇనుప రజను. తలుపుకు డ్రిల్లు వేసినప్పుడు రాలిన రజను అయస్కాంతం సందులోకి దూరితే కాయిల్ గరగరమంటుంది. అంటే దుమ్ము కంటే మెకానిక్ డ్రిల్లుకే ఎక్కువ భయపడాలి.

మిగతా కారణాలు చిన్నవి, కానీ విప్పే ముందు చూడాల్సినవి. స్టీరియో సెట్టింగుల్లో హై పాస్ ఫిల్టర్ 100 లేదా 120 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఉంటే తలుపు స్పీకర్లకు బేస్ వెళ్లనే వెళ్లదు. సబ్‌వూఫర్ ఉంటే స్టీరియోలో దాని అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉందేమో, దాని ఫేజ్ స్విచ్ 0 నుంచి 180కి జరిగిందేమో చూడాలి. ఆ స్విచ్ చేసేది వైర్లు తిప్పే పనే. యాంప్లిఫయర్‌ను మేల్కొలిపే తెల్ల గీత నీలి వైరులో 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్తు వైరు రంగు మీద కాకుండా గీకిన రేకు మీద బిగించారా అన్నవి మల్టీమీటరుతో రెండు నిమిషాల పని.

ఇంత సులువైన పని ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నకు దుకాణాలను తిట్టడం జవాబు కాదు. సబ్‌వూఫర్ అమ్మితే దుకాణదారుకు లాభముంటుంది. అరగంట వెతికి రెండు వైర్లు తిప్పితే కస్టమరు ఇచ్చేది టీ ఖర్చు, అదీ గొణుగుతూ. "ఏం చేశావు, వైరేగా తిప్పావు" అంటాడు. లోపం కనిపెట్టడానికి విడిగా ధర పెట్టాలి, అడిగినప్పుడు కస్టమరు ఇవ్వాలి. ఆసుపత్రిలో పరీక్షకు డబ్బు కట్టేవాళ్లు మెకానిక్ దగ్గర పరీక్ష ఉచితమని ఎందుకనుకుంటారో అర్థం కాదు.

చదువులోనూ ఒక ఖాళీ ఉంది. ఐటీఐల్లో మోటారు వాహనాల మెకానిక్ ఒక ట్రేడ్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ మరో ట్రేడ్. కారు స్టీరియో ఈ రెండింటి మధ్య సందులో పడింది. అలల అధ్యారోపణం పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో ఉంటుంది, కాలేజీ దాటాక పరీక్ష కాగితంతో పాటే పోతుంది. ఆ పాఠం చెప్పే మాస్టారు రెండు పాత స్పీకర్లు, ఒక ఫోను, ఒక చిన్న యాంప్లిఫయర్ తరగతికి తెచ్చి, పిల్లల ముందే ఒక జత వైర్లు తిప్పితే చాలు. రెండు స్పీకర్లను ఎదురెదురుగా దగ్గరికి తెచ్చే కొద్దీ డోలు దెబ్బ మాయమవుతుంది. జగదల్‌పూర్ కాలేజీకైనా భద్రాచలం ఐటీఐకైనా దీనికి ల్యాబు గ్రాంటు అక్కర్లేదు. డోలు మోత తెలిసిన పిల్లలకు ఈ పాఠం నల్లబల్ల మీద గీసిన అలల కంటే గట్టిగా నాటుకుంటుంది.

ఈ పరీక్షలన్నీ బండి ఆపి, ఇంజన్ కట్టేసి చేయాలి. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ నిమిషానికి 1,800 సార్లు తిరుగుతుంటే సెకనుకు 60 సార్లు పేలుతుంది. ఆ 60 హెర్ట్జ్ హోరు సరిగ్గా బేస్ ఉండే చోటే ఉండి దాన్ని కప్పేస్తుంది, టైర్ల హోరు దానికి తోడు. ఆగిన బండిలో నిండుగా వినిపించే డోలు కేశ్‌కాల్ ఘాట్ ఎక్కేటప్పుడు వినిపించకపోతే స్పీకర్లలోనూ వైర్లలోనూ లోపమేమీ లేదు. పై మలుపు దాటి కొండగావ్ దగ్గర బండి ఆపినప్పుడు అది మళ్లీ వినిపిస్తుంది.